కిలో ఉప్పుతో మారిషస్

రాండ్రి, రాండ్రి, దగ్గరికి జరుగుండ్రి. అగో, గా మూలకు ముచ్చట్లు ఆపుండ్రి. బీడీ ముట్టిచ్చేటోళ్లు ముట్టిచ్చుకోండ్రి, దగ్గేటోళ్లు ఇప్పుడే దగ్గుండ్రి, మళ్ల నడుమల దగ్గితే నా కథకు జలుబు జేస్తది. ఇగ మొదలువెడ్తున్న, నోళ్లు మూసుకొని చెవులు తెరువుండ్రి.

నిజామాబాద్ గెస్ట్‌హౌస్ వరండాలో ఒక చెక్క బెంచీ ఉంది. దాని మీద ఒకనాటి మధ్యాహ్నం జయరాజ్ ఒక్క గంటసేపు కూర్చున్నాడు. గంటే గానీ, ఆ గంటలో అతను సముద్రం దాటి పోయి మళ్లీ వచ్చాడు. ఒళ్లు మాత్రం బెంచీ మీదనే ఉంది. జయరాజ్ అంటే ముత్తన్న సాబ్‌కు పి.ఏ., ముత్తన్న సాబ్ అంటే ఎమ్మెల్యే. ఎదురుగా తలుపు మూసి ఉంది. తలుపు అవతల సాబ్, సాబ్ ఎదురుగా స్నేహలత మేడం. శాసనసభలో నీతి నియమాలు చూసే కమిటీ ఒకటుందట, ఆ కమిటీ తరఫున వాంగ్మూలం రాసుకోవడానికి మేడం హైదరాబాద్ నుంచి వచ్చింది. సాబ్ తర్వాత వంతు జయరాజ్‌ది. బెంచీకి ఆ చివర కోటగిరి రైతు దేవన్న, తువ్వాల తలకు చుట్టుకుని, కాల్వ నీళ్ల గురించి సాబ్‌ను అడగాలని పొద్దటి నుంచి కూర్చున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. జయరాజ్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నేల వంక చూస్తున్నాడు, నేల మీద అతనికి రొయ్యలు కనిపిస్తున్నాయి.

ఎర్రటి రొయ్యలు, తోక కొసన కొంచెం మాడినవి, పులుసు కింద మెరుస్తున్నవి. అబ్బ, ఆ పులుసు. వద్దు, దాన్ని తలుచుకోవద్దు, లోపల మేడం ముందు నోట్లో నీళ్లూరితే దొరికిపోతాడు. మేడం ఏమడుగుతుంది, అడిగేది ఒక్కటే ఉంటుంది, మారిషస్ తిప్పిన వామన్ సేటు ఉప్పు తిన్నావా లేదా అని. తిన్నానంటే కొలువు ఆ గడియకే పోతుంది, బయలుదేరే ముందే సాబ్ తన వెంట వచ్చేవాళ్లందరినీ నిలబెట్టి చెప్పాడు, ఎవడన్నా ఆ సేటు ఉప్పు ముట్టాడో, వాడు నా గడప మళ్లీ తొక్కొద్దని. తినలేదనాలంటే అమ్మ శారమ్మ గుర్తొస్తోంది, ఉప్పు పాకెట్ మీద రెండు చేతులూ పెట్టి, కళ్లు మూసుకుని, ప్రార్థన చేసి మరీ సంచిలో పెట్టిన అమ్మ. ఉప్పు మీద ఆన పెట్టినాక అబద్ధమాడితే నాలుక మీద రుచి పోతుంది కొడుకా అంది. రుచి పోతే ఇంక రొయ్యలున్నా ఒకటే, రేగుగింజలున్నా ఒకటే.

అసలు ఆ కాగితం వచ్చిన పొద్దు సాబ్ గడ్డం గీయించుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగగా. సభ నుంచి కొత్త నియమాలు వచ్చాయి, వినండి సాబ్ అని జయరాజ్ చదివాడు. సభ్యులు గానీ వారి సిబ్బంది గానీ ప్రైవేటు వాళ్ల ఖర్చుతో ఎక్కడికైనా పోదలిస్తే ముందస్తు అనుమతి తీసుకోవాలి, ప్రయాణం బస భోజనం ఎవరు భరిస్తున్నారో చెప్పాలి, తమతో పని పడే వాళ్ల ఖర్చుతో అసలే పోవద్దు, ఇలా రెండు పుటలు. చదివి చదివి జయరాజ్‌కు దాహమైంది. సాబ్ మంగలి చెయ్యి పక్కకు జరిపి, నురగ చెంపతోనే ఇటు తిరిగాడు. "గింత లంబాచోడా ఎందుకురా జయరాజ్? ఎవని ఉప్పు తినకు, వానికి లొంగకు, గంతే గద. మా బాపు గిదే ముచ్చట ఒక్క మాటల చెప్పి పోయిండు, గింత కాయితం ఖరాబ్ జెయ్యలే" అన్నాడు. మంగలి కూడా నిజమే అన్నట్టు కత్తి ఆడించాడు. జయరాజ్‌కూ అది సబబుగానే తోచింది. ఉప్పు తిన్న ఇంటికి ఎదురు చెప్పొద్దని ఈ జిల్లాలో పుట్టిన పిల్లికి కూడా తెలుసు. రెండు పుటల నియమం ఒక చిటికెలో ఇమిడిపోయింది, ఆ పుటలు మళ్లీ ఎవరూ తెరవలేదు.

అందుకే వామన్ సేటు వచ్చి, చెరుకు మిల్లులు చూడడానికి మారిషస్ పోదాం సాబ్, అంతా నాది, మీరు కాలు కదిపితే చాలు అన్నప్పుడు సాబ్ భయపడలేదు. సేటు సరిహద్దు అవతలివాడు, మరాఠీ మనిషి, చెరుకు ఆడే మిషన్లు అమ్ముతాడు. బోధన్‌లో మూతబడ్డ చెరుకు మిల్లు జాగా తన మిషన్లకు ఇప్పించమని సాబ్ సిఫారసు ఉత్తరం కావాలి అతనికి. సాబ్ ఒకటే షరతు పెట్టాడు, టికెట్ నీది, హోటల్ నీది, పడవలు నీవి, ఉప్పు మాత్రం మాది. సేటు ఒక క్షణం బిత్తరపోయి, తర్వాత చాలా సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇంతమందిని ఇన్ని దేశాలు తిప్పాడు గానీ, ఇంత చవకగా పడే షరతు అతనికి ఎక్కడా తగిలి ఉండదు.

శారమ్మ మూడు పొయ్యిలు పెట్టి రెండు రోజులు జొన్నరొట్టెలు కొట్టింది. పల్లీల కారం, మామిడికాయ తొక్కు, సత్తుపిండి, ఎండుమిర్చి, ఉల్లిగడ్డల బస్తా, వాటన్నిటి మీద రాజాలాగా ఒక కిలో ఉప్పు. విమానం ఎక్కాక తొక్కు జాడీ ఉన్న పక్కకు విమానం ఒరిగిందనీ, పైలట్ వచ్చి జాడీని నడుమకు జరపమని బతిమాలాడనీ జయరాజ్ తమ ఊరు బోధన్‌లో చెప్పాడు, ఎవరైనా నమ్మకపోతే వాళ్ల ఖర్మ. అంతకు ముందు హైదరాబాద్ విమానాశ్రయంలో ఉప్పు పట్టుబడింది. తెల్లటి పొడి, అంత పెద్ద పాకెట్, ముగ్గురు తుపాకులవాళ్లు, ఒక కుక్క. ఇదేంటని పెద్దాఫీసర్ హిందీలో అడిగితే జయరాజ్‌కు భయంలో నిజమే వచ్చింది, ఇది మా సాబ్ నిజాయితీ అన్నాడు. ఆఫీసర్ వేలు ముంచి నాకి చూసి, కొంచెం చేదెక్కింది, పాతదా అని అడిగాడు. కుక్క వాసన చూసి తుమ్మింది, ఆ తుమ్ముతో సగం నిజాయితీ అక్కడే గాల్లో కలిసింది.

ఆ గాలే ఇక్కడ వరండాలో లేదు. దేవన్న బెంచీ చివర నుంచి, లోపల ఎంతసేపు అన్నట్టు గడ్డం ఎగరేశాడు. జయరాజ్ భుజాలు ఎగరేశాడు. ఏం తప్పు చేశారు మీ సాబ్ అని దేవన్న అడిగితే, సేటు ఖర్చుతో మారిషస్ పోయినమని జయరాజ్ చెప్పాడు. దేవన్న, గా ఊరు మహారాష్ట్రల ఉంటదా, ధర్మాబాద్ అవతల్నా అన్నాడు. ఇంకా అవతల అన్నాడు జయరాజ్. అంతకవతల దేవన్నకు లోకం లేదు కాబట్టి ఊరుకున్నాడు.

అవతలనే, చాలా అవతల. సాబ్‌కు ఆరు దిండ్ల మంచం, జయరాజ్‌కు నాలుగు దిండ్ల మంచం, కిటికీ తెరిస్తే నీలం, ఎంత నీలమంటే కళ్లు కడుక్కోవాలనిపించేంత. పొద్దున్నే పెద్ద హాల్లో తెల్ల గుడ్డలు పరిచిన బల్లల దగ్గర దొరలూ దొరసానులూ ఏవో తింటుంటే, ఒక మూల వీళ్లు సద్దిమూట విప్పేవాళ్లు. సాబ్ లేచి నిలబడి ఒక్కొక్కరి ముందు చిటికెడు ఉప్పు పెట్టేవాడు. చేతిలో పెట్టడు, చేతిలోంచి చేతికి ఉప్పు ఇస్తే ఇద్దరికీ పంచాయతీ పడుతుంది, బల్ల మీద పెడితే మనం తీసుకోవాలి. అదేదో పూజ అనుకుని వడ్డించే కుర్రాళ్లు చేతులు కట్టుకుని వరుసగా నిలబడేవాళ్లు, ఒక దొరసాని కన్నీళ్లు కూడా పెట్టుకుంది. సేటు కారులో తిరిగారు, సేటు కొనిచ్చిన పూల చొక్కాలు తొడుక్కున్నారు, సేటు పెట్టించిన మాలీష్ చేయించుకున్నారు, అందరి మనసులూ కడిగిన గిన్నెల్లా ఉన్నాయి, ఎందుకంటే ఉప్పు మనది. మిల్లు ఒకటి అరపూట చూశారు. అందులో సేటు మిషన్లు ఏవి అని జయరాజ్ అడిగితే, అక్కడి మేనేజర్ సేటు ఎవరని తిరిగి అడిగాడు. అది ఇప్పుడెందుకు గుర్తొచ్చింది, దాన్ని ఎవరూ అడగరు. కానీ ఆ మిల్లు దగ్గర చెరుకు మడ్డి వాసన వచ్చింది, అచ్చం బోధన్ వాసన, చిన్నప్పుడు చెరుకు బండ్ల వెనక పరుగెత్తి గడలు లాక్కున్న వాసన. మిల్లు సైరన్ మోగితే అమ్మ బియ్యం ఎసట్లో పోసేది, ఇంట్లో గడియారం లేదు, ఉన్నా దాని మాట నమ్మేది కాదు. ఇప్పుడు సైరన్ లేదు, చెరుకు వేసిన వాళ్లు వరికి మళ్లారు, మిల్లు మళ్లీ నడుస్తుందంటే ముసలివాళ్లు ఇప్పటికీ చెవి రిక్కిస్తారు. ఆ చెవులకు సేటు డొక్కు మిషన్లు వినిపించాలా అని మేనేజర్ ముఖం చూస్తూ ఒక్క క్షణం అనిపించింది. అంతలో సేటు చల్లటి కొబ్బరిబోండం చేతిలో పెట్టాడు, బోండంలో ఉప్పు ఉండదు, తాగేశాడు.

ఐదో రోజుకు రొట్టెలు బండలయ్యాయి. ఒకటి చెయ్యి జారి పడితే హోటల్ నేల పగిలింది, రొట్టె పగల్లేదు. సముద్రపు పిట్ట ఒకటి ముక్క ఎత్తుకుపోయి, కాసేపటికి తిరిగొచ్చి, ఎక్కడిదక్కడ పెట్టి పోయింది. ఆ రాత్రి జయరాజ్ దవడ పట్టుకుని హోటల్ వెనక పక్కకు పోయాడు, ఊరికే, గాలి కోసం, అని అప్పుడు తనకు తాను చెప్పుకున్నాడు. వంటింటి వెనక మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది, నల్లటి ముఖం, ముక్కుకు చిన్న పుల్ల. ఎప్పుడో వాళ్ల ముత్తాతల కాలంలో చెరుకు కొట్టడానికి ఓడలో పోయినవాళ్లట, తెలుగు అంతా సముద్రంలో పడిపోయి ఒక్క మాట మిగిలింది ఆమె దగ్గర. జయరాజ్ ముఖం చూసింది, లోపలికి పోయింది, గిన్నె తెచ్చింది, మోకాళ్ల మీద పెట్టి, తిను అంది. మళ్లీ, తిను. ఆ మాటకు ఎదురు చెప్పే చదువు జయరాజ్‌కు ఎవరూ నేర్పలేదు. రొయ్యల పులుసు. తింటుంటే ఏడుపొచ్చింది. గిన్నె తుడిచి, వేళ్లు నాకి, చివరి వేలు నోట్లో ఉండగా గుర్తొచ్చింది. ఉప్పు.

ఎవరి ఉప్పు, ఆమెదా, హోటల్‌దా? హోటల్‌కు పైసలిచ్చేది సేటు. అంటే సేటుదే. ఎటు తిప్పి చూసినా సేటు ఇంటి ముందే తేలుతోంది.

ఉప్పు ఊరికే ఉంటుందా, అది లోపలికి పోయి పని మొదలుపెడుతుంది. ఇంటికొచ్చాక సేటు ఫోను వస్తే జయరాజ్ చెయ్యి దానంతటది లేచింది. ముందైతే మోగీ మోగీ అలిసిపోయేదాకా ఊరుకుని, సాబ్ మీటింగ్‌లో ఉన్నాడనేవాడు. ఇప్పుడు సగం మోతకే జీ సేట్ జీ. సిఫారసు ఉత్తరం సంతకం కోసం సాబ్ బల్ల మీద కాగితాల కట్టలో అడుగున ఉండేది, ఒక పొద్దున చూస్తే నడుమకొచ్చింది, ఇంకో పొద్దున పైకొచ్చింది, ఎవరు పెట్టారా అని చూస్తే తన చెయ్యే. పక్కనే ఉన్న కోటగిరి కాల్వ నీళ్ల దరఖాస్తు కిందికి పోయింది. కాల్వ నీళ్లు. జయరాజ్ మెల్లగా తలతిప్పి బెంచీ చివర దేవన్నను చూశాడు. దేవన్న అతనికి నవ్వుతూ దండం పెట్టాడు.

అప్పుడే జేబులో ఫోను మోగింది. మోగిందో లేదో చెయ్యి పోయింది. జయరాజ్ ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకున్నాడు, కుడి చెయ్యి గెలిచింది. సేటు గొంతు నెయ్యిలా ఉంది, ఉత్తరం ఈవేళ అయిపోతుంది కదా జయరాజ్ భాయ్ అన్నాడు. అయిపోతుంది సేట్ జీ, అని తన నోరు అనడం జయరాజ్ తన చెవులతోనే విన్నాడు. ఫోను పెట్టేసి చేతిని తొడకింద పెట్టి దాని మీద కూర్చున్నాడు. దేవన్న అంతా చూసి, తిమ్మిరా, కొంచెం ఉప్పు నీళ్ల కాపడం పెట్టుమన్నాడు.

ఇదంతా ఇంత దూరం రావడానికి కారణం సేటు మురిపెమే. తిరిగొచ్చిన వారానికి బోధన్ చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. పూల చొక్కా సాబ్, నల్ల కళ్లద్దాలు, వెనక సముద్రం, కింద పెద్ద అక్షరాలతో అధ్యయన యాత్ర, సౌజన్యం వామన్ సేటు. ఎవడో ఫోటో తీసి కమిటీకి పంపాడు. సాబ్ ఏమన్నా బెదిరాడా, కమిటీని రానీ, ఉప్పు ముట్టలేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్తా, మన సేటు గూడ చెప్తడు అన్నాడు. మన సేటు. జయరాజ్ తొడ కింద చెయ్యి కదిలింది. మన ఎప్పుడైంది? విమానం ఎక్కేటప్పుడు ఆ సేటు. హోటల్‌లో దిగినప్పుడు ఆ మరాఠాయన. ఐదోనాడు కూడా ఆ సేటే, రొట్టె నములుతూ తిట్టింది బాగా గుర్తుంది. ఆరోనాడు... ఆరోనాడు పడవ. సేటు పడవ, తెల్లది, కొసన సాబ్ ఫోటోకు నిలబడి, చెయ్యి ఊపి, ఊపిన చెయ్యి వెంట తనూ పోయి, దబ్బుమని సముద్రంలో. సాబ్ మనిషి భారీ, పడితే ఒడ్డున నీళ్లు ఇంటి గడపలెక్కాయి. ఈత రాదు, నోరు మూయడం అంతకన్నా రాదు, ఎమ్మెల్యే కదా, నోరు తెరిచే పడ్డాడు. పైకి లాగేసరికి సముద్రం మూరెడు తగ్గింది. కడుపు నొక్కితే కొంత వచ్చింది, మిగతాది లోపలే ఉండిపోయింది. లేచి కూర్చుని, దగ్గి, మొదటి మాట ఏమన్నాడు? మన సేటు లేకుంటే పోదునురా అన్నాడు.

జయరాజ్ వెన్ను నిటారైంది. అంతలో తలుపు తెరుచుకుంది, రమ్మన్నారు.

లోపల సాబ్ గర్వంగా కూర్చుని ఉన్నాడు, పరీక్ష బాగా రాసిన పిల్లాడిలా. స్నేహలత మేడం ముఖంలో మాత్రం ఇంతకుముందెప్పుడూ ఇలాంటిది రాసుకోలేదన్న అలసట ఉంది. తలుపు ఎవరూ మూయలేదు, దేవన్న చౌకట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. మేడం ఒక్కొక్కటే అడిగింది, టికెట్లు ఎవరివని, హోటల్ ఎవరిదని, కారు, పడవ, చొక్కాలు ఎవరివని. అన్నీ సేటువే మేడం, ఉప్పొక్కటే మాది అన్నాడు జయరాజ్. సాబ్ మెచ్చుకోలుగా తలూపాడు. ఆయనా ఇదే చెప్పారు అని మేడం కలం పక్కన పెట్టి, నుదురు రుద్దుకుని, చివరిది అడిగింది.

"వచ్చాక ఆ సేటు పని ఏమైనా చేసిపెట్టారా?"

రొయ్యలు, అమ్మ, రుచి, ఉత్తరం, తొడకింద చెయ్యి, అన్నీ ఒక్కసారి గొంతులోకొచ్చాయి.

"నేను చెయ్యలేదు మేడం, ఉప్పు చేసింది" అన్నాడు జయరాజ్. గిన్నె సంగతి చెప్పాడు, కాగితాల కట్టలో ఉత్తరం పైకి ఎట్లా పాకిందో చెప్పాడు, ఆ మిల్లు మేనేజర్ సేటు ఎవరో తెలియదన్నదీ చెప్పాడు.

సాబ్ కుర్చీ వెనక్కి పడింది. "నా ఇంట్ల తినుకుంట వాని ఉప్పు తిన్నవురా? రేపట్నుంచి నా దిక్కు రాకు."

జయరాజ్ తల వంచుకునే అడిగాడు. "రాను సాబ్. పడవ మీదికెల్లి పడ్డప్పుడు ఎన్ని గుటుకలు మింగిండ్రు?"

సాబ్ చెయ్యి గొంతు మీదికి పోయింది. అది సముద్రం కదా అన్నాడు, మాట సన్నబడింది. పడవ సేటుదే కదా సాబ్ అన్నాడు జయరాజ్. సాబ్ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు, ఒక చెయ్యి అయిపోయింది, రెండోదీ అయిపోయింది, కాలివేళ్ల వంక చూశాడు. కుర్చీ తనే ఎత్తి పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు గిన్నెడే తిన్నవ్. నేను కడుపునిండ తాగిన" అన్నాడు. "ఎవల్ని ఎవలం ఎల్లగొడ్తంరా. పోయి గా ఉత్తరం చింపు."

ఉప్పుతో సంబంధం లేదని మేడం ఓపికగా చెప్పింది, టికెట్టే తప్పు, దిండే తప్పు, చొక్కా కూడా తప్పు, ఖర్చంతా తిరిగి కట్టాలి, ఇకముందు కాలు కదిపే ముందు అనుమతి అడగాలి అంది. ఇద్దరూ తలూపారు గానీ ఇద్దరి ముఖాల్లోనూ, పాపం మేడం హైదరాబాద్ మనిషి, ఉప్పు సంగతి తెలియదు అన్న జాలే ఉంది. జయరాజ్ జేబులో ఫోను మళ్లీ మోగింది. చెయ్యి లేవబోయింది, లేవలేదు. అది మోగీ మోగీ అలిసిపోయేదాకా అందరూ విన్నారు.

అప్పుడు చౌకట్టు దగ్గరి నుంచి దేవన్న ఒక అడుగు లోపలికి వేశాడు. కాల్వ నీళ్ల కోసం వచ్చిన సంగతి ఆయనే మరిచిపోయాడు. తువ్వాల తీసి చేత పట్టుకుని, మేడంకు వంగి దండం పెట్టి చాలా మర్యాదగా అన్నాడు:

"గీళ్లను ఇడిసిపెట్టుండ్రి మేడం. ముందుగాల గా సముద్రంల ఉప్పు ఏసినోన్ని పిలిపియ్యుండ్రి, వాడు ఎవల పర్మిషన్ తీసుకున్నడో అడుగుదాం."